మృతుల కొరకు ప్రార్థించడం ఎలా? కతోలిక విశ్వాసులకు ఒక మార్గదర్శి

మరణించిన ఆత్మీయుల కొరకు ఏ జపం చెప్పాలి, ఎన్నిసార్లు చెప్పాలి, ఏ రోజున చెప్పాలి అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రార్థనలో దేవుణ్ణి ఏమి కోరుతున్నామో ముందు స్పష్టం చేసుకుంటే, ఈ ప్రశ్నల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి. కతోలిక శ్రీసభ బోధన ప్రకారం, దేవుని కృపలో, ఆయన స్నేహంలో కన్నుమూసినప్పటికీ ఇంకా సంపూర్ణంగా శుద్ధి పొందని వారికి నిత్యరక్షణ నిశ్చయమే. అయితే పరలోక ఆనందంలో ప్రవేశించడానికి కావలసిన పవిత్రతను వారు మరణానంతరం శుద్ధీకరణ ద్వారా పొందుతారు. ఆ స్థితినే మనం ఉత్తరించు స్థలం అంటున్నాం. అక్కడి ఆత్మలకు భూమి మీది విశ్వాసులు తమ ప్రార్థనల చేత, దానధర్మాల చేత, తపఃక్రియల చేత, అన్నిటికంటే మిన్నగా దివ్యబలిపూజ (దేవాలయంలో గురువు, అంటే ఫాదరు, జరిపే ప్రధాన ఆరాధన) చేత తోడ్పడగలరని శ్రీసభ నమ్ముతుంది. కాబట్టి మనం చేసేది ఒక విన్నపం. మృతుని గూర్చిన దేవుని తీర్పును మార్చమని అడగడం లేదు. ఆ వ్యక్తిలో దేవుడు మొదలుపెట్టిన పనిని కరుణతో పూర్తి చేయమని వేడుకుంటున్నాం.

దీని నుండి ఒక ముఖ్యమైన ఆచరణ నియమం పుడుతుంది. మరణించిన వ్యక్తి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో నిర్ణయించే పని మనది కాదు. ఫలానా వ్యక్తి నరకంలో ఉన్నాడని శ్రీసభ ఏనాడూ ప్రకటించలేదు. పరలోకంలో ఉన్నారని ప్రకటించినది పునీతుల విషయంలో మాత్రమే, వారి కొరకు మనం ప్రార్థించము, వారి ప్రార్థనా సహాయాన్ని కోరుకుంటాం. మిగిలిన వారందరి కొరకు, వారు ఎంత మంచివారైనా, ఎంత చెడ్డవారుగా పేరు పడినవారైనా, ప్రార్థించవచ్చు, ప్రార్థించాలి కూడా. "అమ్మ ఎంత భక్తిపరురాలో అందరికీ తెలుసు, ఆమె నేరుగా పరలోకానికే వెళ్ళి ఉంటుంది" అని ప్రార్థన మానేయడం ప్రేమతో చేసే పనే కావచ్చు గాని, నా దృష్టిలో అది ఆమెకు దక్కవలసిన సహాయాన్ని ఆపడమే అవుతుంది. ఆమెకు ఆ అవసరం లేకపోయినా ప్రార్థన వృథా కాదు. అది దేవుని చేతిలో ఉంటుంది.

ఈ ఆచారం మధ్యయుగంలో ఎవరో కల్పించినది కాదని తెలుసుకోవడం కూడా ప్రార్థించే వ్యక్తికి ధైర్యాన్నిస్తుంది. మక్కబీయుల రెండవ గ్రంథం పన్నెండవ అధ్యాయంలో, యుద్ధంలో కూలిన సైనికుల వస్త్రాల కింద విగ్రహాలకు చెందిన తాయెత్తులు కనిపించినప్పుడు, యూదుల సేనాపతి యూదా మక్కబీయుడు వారిని అసహ్యించుకుని వదిలివేయలేదు. సుమారు రెండు వేల వెండి నాణేలు పోగుచేసి, వారి పాపపరిహార బలి కొరకు యెరూషలేముకు పంపాడు. పునరుత్థానంపై నమ్మకం లేకపోతే మృతుల కొరకు ప్రార్థించడం అర్థం లేని పని అయ్యేదని ఆ గ్రంథకర్త వ్యాఖ్యానించాడు. తరువాత క్రీ.శ. 203లో కార్తేజు నగరపు చెరసాలలో వేదసాక్షి మరణానికి (విశ్వాసం కొరకు ప్రాణమివ్వడానికి) సిద్ధమవుతున్న పునీత పెర్పెతువమ్మకు, ముఖంపై వ్యాధితో ఏడేళ్ళ వయసులోనే చనిపోయిన తమ్ముడు దినోక్రాతు దర్శనంలో కనిపించాడు. ఎదురుగా నీటి తొట్టి ఉన్నా దాని గట్టు అతని ఎత్తును మించి ఉండటం చేత దాహం తీర్చుకోలేకపోతున్నాడు. ఆమె రాత్రింబగళ్ళు కన్నీళ్ళతో అతని కొరకు ప్రార్థించింది. మరొక దర్శనంలో ఆ గట్టు అతని నడుము వరకు దిగింది, ముఖం మీది గాయం మానిపోయి మచ్చ మాత్రమే మిగిలింది, అతడు తృప్తిగా తాగి పిల్లలు ఆడుకున్నట్లు ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. ఈ దర్శనాన్ని విశ్వాస సిద్ధాంతంగా ఎవరూ స్వీకరించనవసరం లేదు; కానీ మూడవ శతాబ్దపు ఆరంభంలోనే ఒక క్రైస్తవ యువతి తన చనిపోయిన తమ్ముని కొరకు ప్రార్థించడాన్ని ఎంత సహజంగా భావించిందో ఇందులో కనిపిస్తుంది.

దివ్యబలిపూజ: మొదటి స్థానం

మృతుల కొరకు చేయగలిగిన వాటన్నిటిలో దివ్యబలిపూజదే మొదటి స్థానం. 387లో రోము దగ్గరి ఓస్తియాలో మరణశయ్యపై ఉన్న పునీత మోనికమ్మ, తన దేహాన్ని ఎక్కడ పాతిపెట్టినా చింత లేదనీ, తన కుమారులు ఎక్కడ ఉన్నా ప్రభువు పీఠం వద్ద తనను జ్ఞాపకం చేసుకుంటే చాలుననీ కోరినట్లు ఆమె కుమారుడు పునీత అగుస్తీను రాసి ఉంచారు. ఈనాటికీ ప్రతి దివ్యబలిపూజలోనూ, అది ఎవరి తలంపు (పూజను ఉద్దేశించిన వ్యక్తి లేదా కోరిక) కొరకు జరిగినా సరే, పూజలోని ప్రధాన ప్రార్థన అయిన కృతజ్ఞతా ప్రార్థనలో మృతుల స్మరణ తప్పక ఉంటుంది. గురువు ఆ వాక్యానికి వచ్చినప్పుడు మీ వారి పేరును మనసులో పలకండి. మొదటి కృతజ్ఞతా ప్రార్థన వాడినప్పుడు గురువు అక్కడ కాసేపు మౌనంగా ఆగుతారు. ఆ మౌనం ఉన్నదే పేర్లను తలచుకోవడానికి.

ఒక ప్రత్యేక వ్యక్తి కొరకు పూజ పెట్టించాలంటే విచారణ (మీ ప్రాంతపు దేవాలయ పరిధి, పారిష్) కార్యాలయంలో గాని విచారణ గురువుతో గాని మాట్లాడి, మృతుని పేరు, కావలసిన తేదీ, సందర్భం చెప్పాలి. పేరును కాగితంపై స్పష్టంగా రాసి ఇవ్వడం మంచిది. పీఠం వద్ద తప్పుగా చదివిన పేరు కుటుంబాన్ని నొప్పిస్తుంది, అది ఎవరి తప్పూ కాకపోయినా. వర్ధంతి వంటి నిర్దిష్టమైన తేదీ కావాలంటే ముందుగానే అడగాలి, ఎందుకంటే ఆదివారాలు, పండుగ రోజుల తలంపులు త్వరగా నిండిపోతాయి. పూజ సందర్భంగా కానుక ఇవ్వడం పాత ఆచారం. అది పూజకు వెల కాదు. గురువు పోషణకు, శ్రీసభ అవసరాలకు విశ్వాసి ఇచ్చే చేయూత. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం ఈ విషయంలో వ్యాపారం అనే అనుమానానికి సైతం తావివ్వకూడదని హెచ్చరిస్తుంది. అంతేకాదు, కానుక ఇవ్వలేని పేదల తలంపు కొరకు కానుక లేకుండానే పూజ చేయమని గురువులను గట్టిగా ప్రోత్సహిస్తుంది. కాబట్టి డబ్బు లేదని సంకోచించి వెనుకకు తగ్గవద్దు. ఉన్న సంగతి గురువుతో చెప్పండి. కానుక స్వీకరించిన ప్రతి తలంపుకు విడిగా ఒక పూజ చేయడం సాధారణ నియమం. అనేకుల తలంపులను ఒకే పూజలో కలిపే చోట్ల ఆ సంగతి దాతలకు ముందే తెలిపి వారి స్వేచ్ఛాపూర్వక సమ్మతి పొందాలని 2025లో రోము నుండి వెలువడిన ఆదేశం చెబుతోంది.

మరణించిన మూడవ, ఏడవ, ముప్పయ్యవ రోజుల్లోనూ, ఏటా వర్ధంతి నాడూ పూజ పెట్టించడం ప్రాచీన ఆచారం. ఇవేవీ తప్పనిసరి కావు. వీటికి తోడు ఒకే మృతుని కొరకు వరుసగా ముప్పై రోజులు చేసే గ్రెగోరియను పూజలు ఉన్నాయి. ఆరవ శతాబ్దంలో, తరువాత పోపు అయిన పునీత గ్రెగోరి మఠంలో యూస్తు అనే మఠవాసి పేదరిక వ్రతాన్ని మీరి మూడు బంగారు నాణేలు దాచుకున్నాడు. అతని మరణం తరువాత గ్రెగోరి అతని కొరకు ముప్పై రోజులు దినదినమూ బలి అర్పించమని ఆదేశించారు. చివరి రోజున అతడు తన సోదరునికి కనిపించి తాను ఇప్పుడు బాగున్నానని చెప్పాడట. ఆ ముప్పై పూజలనూ ఒకే గురువు చేయనవసరం లేదు, ఒకే దేవాలయంలో జరగనవసరమూ లేదు. అయితే రోజువారీ తలంపులతో తీరిక లేని విచారణల్లో వీటిని అడగడం కష్టమే, సాధారణంగా మఠాల వారే వీటిని స్వీకరిస్తారు. ముప్పై రోజులు పూర్తయితే ఆత్మకు విడుదల ఖాయమని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు, అటువంటి హామీ శ్రీసభ ఇవ్వలేదు.

నా సలహా అడిగితే, మీరు దగ్గర లేని చోట పది పూజలు పెట్టించడం కంటే, మీరు స్వయంగా వెళ్ళి, పాపసంకీర్తనం చేసి (గురువు వద్ద పాపాలు ఒప్పుకుని), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) స్వీకరించి, దానిని మృతుని కొరకు సమర్పించిన ఒక్క పూజకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. దూరదేశంలో ఉన్నవారి, మంచాన పడినవారి సంగతి వేరు.

ఇంట్లో చేసే ప్రార్థన

ప్రతిదినం చెప్పడానికి అనువైనది అతి చిన్న ప్రార్థన: "ప్రభువా, వీరికి నిత్య విశ్రాంతిని దయచేయండి, నిత్యమైన వెలుగు వీరిపై ప్రకాశించును గాక, వీరు సమాధానమందు విశ్రమింతురు గాక. ఆమెన్." జపపుస్తకాన్ని బట్టి పదాలు కొద్దిగా మారవచ్చు, మీ కుటుంబానికి కంఠతా వచ్చిన రూపాన్నే వాడండి. "వీరికి" అన్న చోట పేరు చేర్చండి. పేరు పలికితే ప్రార్థన ఒక మనిషి వైపు తిరుగుతుంది. పేరు లేకపోతే అది సద్భావనగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

కొంత సమయం కేటాయించగలిగిన రోజున 130వ కీర్తన చదవండి. అగాధం నుండి దేవునికి మొరపెట్టుకుంటూ, కావలివారు వేకువ కొరకు చూసినదానికంటే ఎక్కువగా ప్రభువు కొరకు ఎదురుచూసే ఆ కీర్తనను శ్రీసభ శతాబ్దాలుగా మృతుల కొరకు వాడుతోంది. చదివేటప్పుడు ఆ మొరను మృతుని నోట పెట్టి చదవడం ఒక పద్ధతి: అతనికి ఇప్పుడు గొంతు లేదు కనుక మన గొంతు అరువిచ్చినట్లు. ఎనిమిది వచనాలే కనుక నెమ్మదిగా రెండుసార్లు చదివినా సమయం పట్టదు. ఆ తరువాత పరలోక జపం ఒకటి, మంగళవార్త జపం ఒకటి, పైన చెప్పిన నిత్యవిశ్రాంతి ప్రార్థన చెప్పి ముగించవచ్చు. జపమాల చెప్పే అలవాటు ఉన్నవారు ఒక్కొక్క దేవరహస్యాన్ని (పది పూసల భాగాన్ని) ఒక్కొక్కరి పేరున సమర్పించవచ్చు. సాయంకాల దైవార్చనలో, అంటే గురువులు, మఠవాసులు రోజూ చెప్పే ప్రార్థనలో, విన్నపాలలో చివరిది ఎప్పుడూ మృతుల కొరకే ఉంటుంది. విశ్వాసులు కూడా తమ రాత్రి ప్రార్థన చివరి మాటను మృతులకు కేటాయిస్తే శ్రీసభ ప్రార్థనా క్రమంతో కలిసి నడిచినట్లవుతుంది.

ప్రార్థనతో పాటు దానం, ఉపవాసం కూడా మృతుల కొరకు అర్పించవచ్చు. దానిని పెద్ద వ్రతంగా మలచుకోనవసరం లేదు. మృతుడు బతికి ఉండగా తీర్చలేకపోయిన అప్పు తీర్చడం, అతడు నొప్పించిన వ్యక్తిని కలిసి క్షమాపణ అడగడం, అతడు చూసుకునే వృద్ధుల బాగోగులు చూడటం వంటివి నా దృష్టిలో ఎన్నో జపాల సరసన నిలుస్తాయి.

నవంబరు నెల, పరిపూర్ణ దండవిమోచనం

నవంబరు 2వ తేదీ సకల మృత విశ్వాసుల స్మరణ దినం. సుమారు 998లో ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి, ఓదిలో అనే పునీతుడు, తన మఠాల్లో సకల పునీతుల పండుగ మరునాడు దీనిని జరపమని ఆదేశించగా, క్రమేణా అది పశ్చిమ శ్రీసభ అంతటికీ వ్యాపించింది. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1915లో పోపు పదిహేనవ బెనెడిక్టు ఆ రోజున ప్రతి గురువూ మూడు పూజలు చేయడానికి అనుమతి ఇచ్చారు. వాటిలో ఒకటి గురువు తన ఇష్టానుసారం ఎవరి కొరకైనా, ఒకటి సకల మృత విశ్వాసుల కొరకు, ఒకటి పోపుగారి తలంపుల కొరకు చేస్తారు.

నవంబరు 1 నుండి 8 వరకు ఏ రోజునైనా భక్తితో సమాధుల తోటను దర్శించి, మృతుల కొరకు మనసులోనైనా సరే ప్రార్థించినవారు ఉత్తరించు స్థలంలోని ఆత్మల కొరకు మాత్రమే వర్తించే పరిపూర్ణ దండవిమోచనాన్ని పొందవచ్చు. పాపం క్షమించబడిన తరువాత కూడా మిగిలే తాత్కాలిక శిక్ష తొలగడమే దండవిమోచనం; అది పూర్తిగా తొలగితే పరిపూర్ణం, కొంత తొలగితే పాక్షికం. నవంబరు 2న దేవాలయాన్ని దర్శించి, పరలోక జపం, విశ్వాస సంగ్రహం చెప్పినా ఇదే లభిస్తుంది. అయితే దీనికి షరతులున్నాయి: పాపసంకీర్తనం చేయాలి, దివ్యసత్ప్రసాదం స్వీకరించాలి, పోపుగారి తలంపుల కొరకు ప్రార్థించాలి (ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం సరిపోతాయి), చిన్న పాపంతో సహా ఏ పాపంపైనా మమకారం లేకుండా ఉండాలి. ఒక పాపసంకీర్తనం అనేక రోజుల దండవిమోచనాలకు సరిపోతుంది, దర్శనానికి ఇరవై రోజుల ముందు వెనుకల్లో చేసినా చాలు. దివ్యసత్ప్రసాదం, పోపుగారి తలంపుల ప్రార్థన మాత్రం ప్రతి దండవిమోచనానికీ విడివిడిగా కావాలి. రోజుకు ఒక్కటే పొందవచ్చు. చివరి షరతు కఠినమైనదే. అది నెరవేరకపోయినా, మిగిలిన షరతుల్లో లోటు ఉన్నా, దండవిమోచనం పాక్షికమవుతుంది గాని చేసినదంతా వ్యర్థం కాదు. కాబట్టి నాకు ఆ అర్హత ఉందా అని తూకం వేసుకుంటూ కూర్చోవడం కంటే ముందు మంచి పాపసంకీర్తనం చేసుకుని, ఎనిమిది రోజుల్లో వీలైనన్ని రోజులు వెళ్ళడమే సరైన దారి. ఏడాదిలో మిగిలిన రోజుల్లో సమాధుల దర్శనానికి పాక్షిక దండవిమోచనం ఉంది.

మరణం సంభవించిన ఇంట్లో

అంత్యక్రియలకు సంబంధించిన శ్రీసభ క్రమంలో సాధారణంగా మూడు ఘట్టాలు ఉంటాయి: భౌతికకాయం వద్ద జాగరణ ప్రార్థన, దేవాలయంలో దివ్యబలిపూజ, సమాధి వద్ద భూస్థాపన. జాగరణకు గురువు రాలేకపోతే డీకను (గురువు కంటే కింది అంతస్తులో అభిషేకం పొందిన సేవకుడు) గాని, విశ్వాసుల్లో ఒకరు గాని నడిపించవచ్చు. ఒక బైబిలు పఠనం, ఒక కీర్తన, విన్నపాలు, పరలోక జపం ఉంటే చాలు. దుఃఖంలో ఉన్నవారి చేత పొడవైన ప్రార్థనలు చదివించవద్దు. పూజలో పాస్కా వత్తి (ఈస్టరు నాడు వెలిగించే పెద్ద కొవ్వొత్తి) భౌతికకాయం దగ్గర వెలుగుతుంది, తీర్థజలం చిలకరించడం జ్ఞానస్నానాన్ని (బాప్తిస్మాన్ని) గుర్తుచేస్తుంది. ప్రసంగం మృతుని గుణగానంగా మారకూడదని పూజాక్రమ నియమం చెబుతుంది. దానికి కారణం కఠినత్వం కాదు. మృతుడు ఎంత గొప్పవాడో నిరూపించే పని పెట్టుకున్న చోట అతని కొరకు ప్రార్థించేవారు తగ్గిపోతారు. ఆదివారాల్లో కొన్నింటిలోనూ, పవిత్ర గురువారం నుండి మొదలయ్యే మూడు దినాల్లోనూ అంత్యక్రియల పూజ చేయరు, అటువంటప్పుడు పూజ లేకుండా ప్రార్థనలతో భూస్థాపన చేసి, తరువాత తగిన రోజున పూజ పెట్టించుకోవాలి.

శ్రీసభ భూస్థాపననే కోరుకుంటుంది, అయినా 1963 నుండి దహనాన్ని నిషేధించడం లేదు. 2016 నాటి ఆదేశం ప్రకారం అస్థికలను సమాధుల తోట వంటి పవిత్ర స్థలంలో ఉంచాలి, గాలిలో గాని నీటిలో గాని కలపకూడదు. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి మన విషయానికి సూటిగా సంబంధించినదే: స్థలం ఉంటే ప్రార్థించడానికి వచ్చేవారు ఉంటారు, తరువాతి తరం మృతుణ్ణి మరచిపోదు.

కష్టమైన సందర్భాలు

ఆత్మహత్య చేసుకున్నవారి కుటుంబాలు ప్రార్థనకు సంకోచిస్తాయి. 1917 నాటి ధర్మశాస్త్రం ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి శ్రీసభ అంత్యక్రియలు నిరాకరించింది. 1983 నాటి శాస్త్రంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక వేదన, భయం బాధ్యతను తగ్గించగలవనీ, దేవుడు తనకు మాత్రమే తెలిసిన మార్గాల్లో వారికి పశ్చాత్తాప అవకాశం కల్పించగలడనీ, శ్రీసభ వారి కొరకు ప్రార్థిస్తుందనీ సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధనా గ్రంథం) చెబుతోంది. కాబట్టి వారి పేరున దాపరికం లేకుండా పూజ పెట్టించండి.

కతోలికులు కానివారి కొరకు, జ్ఞానస్నానం లేనివారి కొరకు కూడా ప్రార్థించవచ్చు. బతికి ఉన్నవారైనా మరణించినవారైనా ఎవరి కొరకైనా పూజ అర్పించే స్వేచ్ఛ గురువుకు ఉంది. జ్ఞానస్నానం పొంది వివేకం రాకముందే మరణించిన పసిపిల్లలు దేవుని సన్నిధిలో ఉన్నారని నమ్ముతాం కనుక వారి అంత్యక్రియల ప్రార్థనలు ఎక్కువగా తల్లిదండ్రుల ఓదార్పు కొరకే ఉంటాయి. జ్ఞానస్నానం పొందకుండా మరణించిన శిశువులను శ్రీసభ దేవుని కరుణకు అప్పగిస్తుంది, వారికి రక్షణ మార్గం ఉందని ఆశిస్తుంది.

మృతులతో మాట్లాడించగలమని చెప్పేవారి దగ్గరికి వెళ్ళకూడదు. మృతులను రప్పించే ప్రయత్నాన్ని లేఖనాలూ సత్యోపదేశమూ ఖండిస్తాయి. వారి కొరకు దేవునితో మాట్లాడటం ఒక పని, వారి నుండి రహస్యాలు రాబట్టాలని చూడటం పూర్తిగా వేరొక పని. ఈ జపం ఇన్ని వేల ఆత్మలను విడిపిస్తుందని లెక్కలు చెప్పే కరపత్రాలను కూడా పక్కన పెట్టండి. ఉత్తరించు స్థలాన్ని దృఢంగా బోధిస్తూనే 1563లో త్రెంతు మహాసభ, కుతూహలానికి, మూఢనమ్మకానికి, నీచమైన లాభానికి చెందినవాటిని నిషేధించమని మేత్రాణులను (బిషప్పులను) ఆదేశించింది. ఆ ఆదేశం నేటికీ అవసరమే.

అన్నిటికంటే కష్టమైనది మనకు అన్యాయం చేసి పోయినవారి కొరకు ప్రార్థించడం. అటువంటప్పుడు లేని ప్రేమను నటించనవసరం లేదు, జరిగినది మరచిపోయినట్లు చెప్పనవసరమూ లేదు. ఆ పేరును మిగిలిన మృతుల పేర్ల జాబితా చివర చేర్చి, నిత్యవిశ్రాంతి ప్రార్థనను అందరికీ కలిపి ఒక్కసారే చెప్పండి. గొంతు పెగలని రోజున జాబితా మొత్తాన్ని "సకల మృత విశ్వాసుల కొరకు" అనే ఒక్క మాటతో ముగించినా ఆ పేరు అందులో చేరే ఉంటుంది. కొన్నాళ్ళకు దానిని విడిగా పలకగలిగితే, ఆ పేరున ఒక పూజ పెట్టించండి.